రెండోసారి గురి చూడని కర్ణుడు

"కర్ణుడి చావుకి కారణాలు అనేకం" అనే మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్క లేదు. పంట పోయినా, వ్యాపారం మునిగినా, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయినా ఎవరో ఒకళ్ళు నిట్టూర్చి ఈ మాట అనేస్తారు, ఇక ఆ టాపిక్ అక్కడితో ముగిసిపోతుంది. నేనూ చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూ, అంటూ పెరిగినవాడినే. కానీ గత రెండేళ్ళుగా రాత్రిపూట కాస్త కాస్త భారతం చదువుతున్నాను, తాత్పర్యాలు పెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, అలా కర్ణపర్వం దాకా వచ్చాక ఈ సామెత మీద నాకు నమ్మకం పోయింది. సామెత అబద్ధమని కాదు. అది చెప్పాల్సిన ఒక్క కారణాన్ని చెప్పకుండా దాటేస్తోందని.

మనవాళ్ళు చెప్పే లిస్ట్ అందరికీ తెలిసిందే. పరశురాముడి శాపం, హోమధేనువు చచ్చిపోయిన బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడు కవచ కుండలాలు పట్టుకుపోవడం, కుంతి వచ్చి మాట తీసుకోవడం, శల్యుడు రథం మీద కూర్చుని సూటిపోటి మాటలనడం, కృష్ణుడి ఎత్తులు. ఒకసారి చూడండి, ఇందులో ప్రతిదీ బయట నుంచి వచ్చిందే. ఎవరో శపించారు, ఎవరో అడిగారు, ఎవరో మోసం చేశారు. ఈ లిస్ట్‌లో కర్ణుడు చేసింది ఏమీ లేదు, అన్నీ కర్ణుడికి జరిగినవే. మన సినిమాలు కూడా ఇదే దారిలో వెళ్ళాయి, 1977లో ఎన్టీఆర్ గారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తనే వేసిన సినిమా వచ్చాక అయితే కర్ణుడంటే మనకి అన్యాయమైపోయిన మనిషి, అంతే. నాకూ అంతే. ఇప్పటికీ కర్ణుడంటే నాకు చాలా ఇష్టం, అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేది చదివి ఇతనికి కర్ణుడంటే పడదేమో అని ఎవరూ అనుకోకూడదు.

అసలు కథ మొదలయ్యేది రంగస్థలం దగ్గర. ద్రోణుడి శిష్యులు విద్యలు చూపిస్తున్నారు, అర్జునుడు అందరి చేతా శభాష్ అనిపించుకుంటున్నాడు, అప్పుడు కర్ణుడు వస్తాడు. అర్జునుడు చేసినవన్నీ తనూ చేసి చూపిస్తాడు, ఆ తర్వాత ద్వంద్వయుద్ధం అడుగుతాడు. కృపాచార్యుడు లేచి ఇతను పాండురాజు కొడుకు, కుంతి కొడుకు, నువ్వు ఎవరి కొడుకువో నీ వంశమేంటో చెప్పు అంటాడు. ఆ ప్రశ్నకి కర్ణుడి దగ్గర జవాబు లేదు. సిగ్గుతో వంగిపోయిన అతని ముఖం వానకి తడిసి వాలిపోయిన తామరలా ఉందంటాడు వ్యాసుడు. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, ఈ వంగిన తల దగ్గరికి చివర్లో మళ్ళీ రావాలి.

దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చి పట్టాభిషేకం చేయించడం, బదులుగా ఏమివ్వను అని కర్ణుడు అడిగితే నీ స్నేహం చాలు అనడం, ఇదంతా తెలిసిందే. తెలియంది, కనీసం నాకు అంతకుముందు తెలియంది, ఆ తర్వాత వచ్చే చిన్న ముక్క. అభిషేకం నీళ్ళు ఇంకా ఆరలేదు. అంతలో ముసలి అధిరథుడు చెమటలు కక్కుకుంటూ, వణుకుతూ, కర్ర పట్టుకుని, పైబట్ట జారిపోతుంటే ఆ జనంలోకి వచ్చేస్తాడు. కర్ణుడు ఒక్క క్షణం కూడా ఆలోచించడు. విల్లు పక్కన పెట్టి, ఆ తడి తలతోనే వెళ్ళి తండ్రి కాళ్ళకి మొక్కుతాడు. అధిరథుడు ఏం చేస్తాడో తెలుసా, కంగారుగా బట్ట చెంగుతో తన పాదాలు కప్పేసుకుంటాడు. కొడుకు ఇప్పుడు రాజు కదా, రాజు తల తన పాదాలకి తగలకూడదు కదా. తర్వాత "నాయనా" అని దగ్గరికి తీసుకుని, అప్పటికే అభిషేక జలంతో తడిసి ఉన్న ఆ తలని కన్నీళ్ళతో మళ్ళీ తడుపుతాడు.

నేను ఈ ముక్క చదివిన రోజు పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక తండ్రి కొడుకు ముందు పాదాలు కప్పుకోవడం ఏంటి అసలు. ఆ వెంటనే భీముడు సూతపుత్రుడివి, కొరడా పట్టుకో పో అంటాడు. అంటే అరగంటలో ఈ కుర్రాడికి అవమానం, రాజ్యం, తండ్రి ప్రేమ, మళ్ళీ అవమానం, అన్నీ వేలమంది చూస్తుండగా జరిగిపోయాయి. నాకేమనిపిస్తుందంటే ఆ రోజు కర్ణుడు మనసులో ఒకటి గట్టిగా అనేసుకున్నాడు, ఈ తల ఇంకోసారి వంగకూడదు అని. వ్యాసుడు ఆ మాట ఎక్కడా రాయలేదు, ఇది నా ఊహే, కానీ ఆ తర్వాత అతను తీసుకున్న నిర్ణయాలు ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంకేదీ కనిపించట్లేదు.

దాదాపు 2300 ఏళ్ళ కిందట గ్రీసులో అరిస్టాటిల్ నాటకాల గురించి రాస్తూ, విషాద నాయకుడు పూర్తిగా మంచివాడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు, మధ్యలో ఉండే మనిషి ఒక పొరపాటు వల్ల పడిపోవాలి, అప్పుడే మనకి జాలీ భయమూ రెండూ కలుగుతాయి అన్నాడు. ఆ పొరపాటుకి అతను వాడిన మాట హమార్షియా. దాన్ని మామూలుగా లోపం అనీ, బలహీనత అనీ చెప్పేస్తారు. కానీ ఆ మాట పుట్టింది బాణం గానీ ఈటె గానీ గురి తప్పే దగ్గర. గురి తప్పడం, అంతే దాని అసలు అర్థం. విలుకాడైన కర్ణుడి కథకి ఇంతకన్నా సరిపోయే మాట ఉంటుందా అనిపించింది, గ్రీకు వాళ్ళ మాటని మన భారతానికి అంటించడం ఏంటని కొందరికి అనిపించొచ్చు, కానీ కాసేపట్లో మీకే తెలుస్తుంది, అది అంటించింది కాదు, కథలోనే ఉంది.

కవచ కుండలాల సంగతి తీసుకోండి. అరణ్యపర్వం చివర్లో వస్తుంది, తెలుగులో ఎర్రన గారు పూర్తి చేసిన భాగం. సూర్యుడు కలలో కనపడి ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడు, ఇవ్వకు, ఇస్తే నీ ఆయుష్షు పోయినట్టే అని ముందే చెప్తాడు. అంటే మోసపోయి ఇచ్చింది కాదు, వచ్చేది ఎవరో తెలిసే ఇచ్చాడు. ఎందుకివ్వాలి అని అడిగితే కర్ణుడు చెప్పేది దానం గొప్పదని మాత్రమే కాదు, నాకు ప్రాణం కన్నా కీర్తి ముఖ్యం అని చెప్తాడు. అప్పుడు సూర్యుడు అన్న మాట భారతం మొత్తంలో నన్ను బాగా కుదిపేసిన వాటిల్లో ఒకటి. చచ్చిపోయినవాడికి కీర్తి ఏం చేసుకోవడానికి, అది శవం మెడలో వేసిన పూలదండ లాంటిది అంటాడు. తండ్రి కొడుకుతో అంటున్న మాట ఇది. కొడుకు వినలేదు. సూర్యుడు ఇక చేసేది లేక పోనీ బదులుగా ఇంద్రుడి దగ్గర శక్తి ఆయుధమైనా అడుగు అంటే దానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఆ శక్తి ఒక్కసారే పనిచేస్తుంది, అర్జునుడి కోసం దాచుకున్నాడు, పధ్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద వాడేయాల్సి వచ్చింది.

దాన్ని మనం దానం అంటాం, నిజంగానే దానమే, దాన్ని తక్కువ చేయట్లేదు. కానీ అడిగినవాడికి లేదంటే జనం ఏమనుకుంటారు అనే భయం కూడా ఆ దానంలో కలిసి ఉంది. అడిగితే లేదనడు అనే పేరు అతనికి రెండో కవచం, ఆ పేరుని కాపాడుకోవడానికి పుట్టుకతో వచ్చిన కవచాన్ని కోసి ఇచ్చేశాడు.

ఇప్పుడు భీష్ముడి దగ్గరికి వద్దాం. నా వాదన అంతా ఇక్కడే ఉంది. యుద్ధానికి ముందు భీష్ముడు మన సైన్యంలో ఎవరెవరు రథులు, ఎవరెవరు అతిరథులు అని దుర్యోధనుడికి లెక్క చెప్తూ, కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి ఇతను అర్ధరథుడు అనేస్తాడు. సగం వీరుడు. ద్రోణుడు కూడా అవునంటాడు. కర్ణుడు మండిపోయి భీష్ముడు బతికుండగా నేను యుద్ధం చేయను అని ఒట్టు పెట్టుకుని కూర్చుంటాడు. ఎన్ని రోజులు? పది రోజులు. యుద్ధం మొత్తం పద్దెనిమిది రోజులు, అందులో పది రోజులు కర్ణుడు శిబిరంలో ఉన్నాడు. దుర్యోధనుడి తమ్ముళ్ళు చచ్చిపోతుంటే ఉన్నాడు. ఎవరికోసమైతే ప్రాణం ఇస్తానన్నాడో, ఎవరి ఉప్పు తిన్నానన్నాడో, ఆ దుర్యోధనుడి సైన్యం రోజూ తరిగిపోతుంటే విల్లు పట్టలేదు. పదకొండు అక్షౌహిణుల సైన్యం, భీష్ముడూ ద్రోణుడూ కర్ణుడూ ముగ్గురూ మొదటి రోజు నుంచే పక్కపక్కన నిలబడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అలా ఒక్కరోజు కూడా జరగలేదు. పదో రోజు సాయంత్రం భీష్ముడు పడిపోయాడు, పదకొండో రోజు కర్ణుడు వచ్చాడు.

కర్ణుడి స్నేహం గురించి మనం ఎంతైనా పొగుడుతాం, కానీ స్నేహం కన్నా పెద్దది ఒకటి అతని లోపల ఉందని ఈ పది రోజులు చెప్తున్నాయి. ఇక్కడ ఒక మాట కూడా చెప్పాలి, యుద్ధం మొదలయ్యే ముందు కృష్ణుడు, భీష్ముడు పడేదాకా మా వైపు రారాదా అని అడిగితే దుర్యోధనుడికి ఇష్టం లేని పని చేయను అని ఖచ్చితంగా చెప్పేశాడు. నిజాయితీ లేనివాడు కాదు. మరి అంత నిజాయితీ ఉన్నవాడు పది రోజులు ఎలా కూర్చోగలిగాడు?

దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఇంట్లో దొరికింది. మా అక్క పెళ్ళికి మా పెద్ద మేనమామ రాలేదు. అమ్మకి అన్నయ్య, అమ్మంటే ప్రాణం ఆయనకి, పెళ్ళికి పదిహేను రోజుల ముందే బియ్యం బస్తాలు దింపించాడు, అరటి గెలలకి తనే అడ్వాన్స్ ఇచ్చాడు. తర్వాత శుభలేఖ అచ్చయి వచ్చింది. అందులో చిన్న మావయ్య పేరు పైన, ఈయన పేరు కింద పడింది. ప్రెస్ వాళ్ళ తప్పో, రాసిచ్చిన వాళ్ళ తప్పో ఎవరికీ తెలియదు. చిన్న మావయ్యకి ఉద్యోగం ఉంది, పెద్ద మావయ్య వ్యవసాయం, ఆయనకి అది చాలా ఏళ్ళుగా లోపల ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. శుభలేఖ చూసి ఒక్క మాట అనలేదట, మడిచి గూట్లో పెట్టాడట. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ కదా మండపానికి తీసుకురావాలి, ముహూర్తం దగ్గర పడింది, ఆయన లేడు, చిన్న మావయ్యే బుట్ట పట్టుకున్నాడు. తర్వాతెప్పుడో అత్తయ్య చెప్పింది, ఆ రోజు తెల్లవారుజామునే లేచి తలంటు పోసుకుని, పట్టుపంచె కట్టుకుని, సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాడని. అలాగే, పంచె కూడా విప్పకుండా. ఎవరైనా వచ్చి ఇంకోసారి పిలిస్తే వెళ్ళిపోయేవాడు. ఇక్కడ మండపంలో మేమంతా ఆయనే వస్తాడులే అనుకున్నాం.

అమ్మ ఇప్పటికీ దాని గురించి మాట్లాడితే గొంతు మారుతుంది. ఆయనకి చెల్లెలి మీద ప్రేమ లేకా? ప్రేమ అంతా ఉంది, కానీ ఆ రోజు ఆ పేరు కింద పడ్డ చోట నుంచి ఆయన కదల్లేకపోయాడు. శిబిరంలో కర్ణుడు కూడా ఆ పది రోజులూ అలాగే కూర్చుని ఉంటాడని నాకు ఆ పర్వం చదువుతుంటే అనిపించింది, కవచం లేని ఒంటి మీద ఉత్తరీయం వేసుకుని, దూరంగా శంఖాలు వినపడుతుంటే, అస్త్రాలన్నీ దగ్గర పెట్టుకుని.

భీష్ముడు అంపశయ్య మీద పడ్డాక కర్ణుడు రాత్రి ఒంటరిగా వెళ్ళి ఆయన్ని చూస్తాడు. అప్పుడు భీష్ముడు కాపలావాళ్ళని పంపించేసి, నువ్వు కుంతి కొడుకువని నాకు తెలుసు, నీ దూకుడు తగ్గించడానికే అలా మాట్లాడాను, విలువిద్యలో నువ్వు కృష్ణార్జునులకి సమానం అని చెప్తాడు. జీవితమంతా ఏ మాట కోసం చూశాడో ఆ మాట అప్పుడు వచ్చింది, ఏడుస్తాడు. పోయి తమ్ముళ్ళతో కలిసిపో అంటే మాత్రం ఒప్పుకోడు, అప్పటికి ఆలస్యమైపోయింది.

ఇక కుంతికి ఇచ్చిన మాట. దీన్ని మనం తల్లి మీద ప్రేమ అని కన్నీళ్ళు పెట్టుకుంటూ చెప్పుకుంటాం. అర్జునుడిని తప్ప మిగతా నలుగుర్నీ చంపను, నీకు ఎప్పటికీ ఐదుగురు కొడుకులే ఉంటారు అన్నాడు. మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. పధ్నాలుగో రోజు భీముడు ఆయుధం లేకుండా చేతికి చిక్కితే వింటి కొసతో పొడిచి, తిండిపోతువి, యుద్ధం నీకెందుకు పో అని వదిలేశాడు. ఆ రాత్రే సహదేవుడిని అలాగే వదిలేశాడు. పదహారో రోజు నకులుడి మెడలో విల్లు వేసి లాగి వదిలేశాడు. పదిహేడో రోజు ధర్మరాజు దొరికాడు, భుజం మీద చెయ్యి వేసి నాలుగు మాటలని వదిలేశాడు.

కాస్త ఆగి దుర్యోధనుడి వైపు నుంచి చూడండి. ద్రోణుడు సేనాపతి అయిన రోజు దుర్యోధనుడు అడిగిన వరం ఏంటి? ధర్మరాజుని ప్రాణాలతో పట్టివ్వమని. పట్టిస్తే మళ్ళీ జూదమాడించి అడవికి పంపేయొచ్చు, యుద్ధం అక్కడితో అయిపోతుంది. దానికోసం ద్రోణుడు కిందామీదా పడ్డాడు, కుదరలేదు. అది కర్ణుడి చేతికి తనంతట తనే వచ్చింది. చంపనక్కర్లేదు, కుంతికి ఇచ్చిన మాట తప్పనక్కర్లేదు, పట్టుకుంటే చాలు. వదిలేశాడు. దుర్యోధనుడికి ఆ మాట సంగతి కూడా తెలియదు. ఎవరికోసం యుద్ధం చేస్తున్నాడో ఆ మనిషికి చెప్పకుండా అతని గెలుపుని నాలుగుసార్లు దానం చేసేశాడు. మనం కర్ణుడిని అందరికీ ఇచ్చేసినవాడు అంటాం కదా, ఇది కూడా ఇచ్చేసినదే, కానీ ఇది అతనిది కాదు, దుర్యోధనుడిది.

నేను ఇలా అంటుంటే మా ఫ్రెండ్ ఒకడు చాలా బాధపడ్డాడు, నువ్వు కర్ణుడిని స్వార్థపరుడిని చేస్తున్నావు అన్నాడు. కాదు. స్వార్థపరుడైతే కృష్ణుడు రథం మీద కూర్చోబెట్టుకుని నువ్వే పెద్దవాడివి, రాజ్యం నీదే, పాండవులు నీ కాళ్ళ దగ్గర ఉంటారు అన్నప్పుడు ఒప్పుకునేవాడు. ఆ ఘట్టంలో కర్ణుడు చెప్పిన జవాబు చదివితే ఎంతటివాడికైనా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కుంతి నన్ను నీళ్ళలో వదిలేసింది, నన్ను చూడగానే ప్రేమతో రాధకి పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది ఆమె, ఆమెకి పిండం పెట్టడం ఎలా మానేస్తాను అంటాడు. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తాను, అది మంచిది కాదు, ధర్మరాజే రాజు కావాలి అని కూడా అంటాడు. తన వాళ్ళు ఓడిపోతారని, తను చచ్చిపోతానని తెలిసి మాట్లాడుతున్నాడు. ఇక్కడ నాకు ఏ లోపమూ కనపడదు. ఏ లోపం గురించైతే నేను ఇంతసేపు రాస్తున్నానో అది ఇక్కడ ఒక్క కాసేపు పక్కకి తప్పుకుని, లోపల ఉన్న మనిషి బయటికి వచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు, కృష్ణుడొక్కడే.

అదే మాటల్లో ఇంకోటి కూడా చెప్తాడు. దుర్యోధనుడిని సంతోషపెట్టడానికి పాండవులని నానా మాటలూ అన్నాను, దానికి ఇప్పుడు కుమిలిపోతున్నాను అని. ఆ మాటలు ఏంటో మనకి తెలుసు. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చిన రోజు, దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి ఇది తప్పు అంటే, అతని నోరు మూయించింది కర్ణుడు. ఐదుగురు భర్తలున్న ఆడది కులస్త్రీ ఎలా అవుతుందన్నాడు. ఆమె బట్టలు తీసేయమన్నదీ అతనే. దీన్ని మన సినిమాలు కర్ణుడి మీదకి రానివ్వకుండా దుశ్శాసనుడి మీదకి తోసేశాయి. నాకు అన్నింటికన్నా కష్టంగా అనిపించేది ఇదే. నిండు సభలో అందరూ చూస్తుండగా తల వంచుకుని నిలబడటం ఎలా ఉంటుందో ఆ సభలో అందరికన్నా బాగా తెలిసినవాడు కర్ణుడు. రంగస్థలం మీద ఆ తామర వాలిపోయినట్టు వాలిపోయింది అతని ముఖమే కదా. అయినా అదే పని ఒక ఆడమనిషికి చేశాడు.

పదిహేడో రోజుకి వద్దాం. సేనాపతి కర్ణుడు. అర్జునుడికి కృష్ణుడు ఉన్నాడు కాబట్టి నాకు అంతటి సారథి కావాలి, శల్యుడు కావాలి అని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. శల్యుడు మాద్రికి అన్న, నకుల సహదేవులకి మేనమామ, ధర్మరాజుకి ముందే మాటిచ్చాడు, కర్ణుడి తేజస్సు తగ్గిస్తానని. దారంతా తిడుతూనే ఉన్నాడు, ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెం వేసి సముద్రంలో పడిన కథ కూడా చెప్పాడు. అసలు ఇతన్ని ఎందుకు కావాలనుకున్నాడు? అర్జునుడికి ఉన్నది నాకూ ఉండాలి. రంగస్థలం మీద మొదటి రోజు మొదలైన లెక్క ఇది, అర్జునుడు చేసినవన్నీ నేనూ చేస్తాను.

అంతసేపు తిట్టిన ఆ శల్యుడే ఒక్క మంచి మాట చెప్పాడు. కర్ణుడు ఏళ్ళ తరబడి గంధపు పొడిలో దాచి పూజ చేసుకుంటున్న నాగాస్త్రాన్ని అర్జునుడి మెడకి ఎక్కుపెట్టినప్పుడు, శల్యుడు చూసి, కర్ణా ఈ బాణం అతని మెడకి తగలదు, సరిగ్గా చూసి సంధించు అన్నాడు. సారథి కూర్చున్న చోటు నుంచి తేడా తెలుస్తుంది. కర్ణుడు కళ్ళు ఎర్రబడి ఏమన్నాడంటే, శల్యా, కర్ణుడు రెండుసార్లు సంధించడు, నాలాంటివాళ్ళు వంకర యుద్ధం చేయరు అన్నాడు. అని వదిలేశాడు. కృష్ణుడు రథాన్ని భూమిలోకి నొక్కాడు, బాణం మెడకి తగలాల్సింది కిరీటాన్ని ఎగరగొట్టుకుని పోయింది.

గురి తప్పింది. గ్రీకు వాళ్ళ మాట నేను తెచ్చి అంటించలేదని అన్నది ఇందుకే. కవచం పోవడం, శాపాలు, ఇవన్నీ లేకపోయినా ఇక్కడ ఒక్క క్షణం ఉంది, వింటి నారి వెనక్కి లాగి ఉంది, బాణం ఇంకా చేతిలోనే ఉంది, పక్కన ఉన్నవాడు తప్పు చెప్తున్నాడు, మార్చుకోవడానికి వేలెడు దూరం జరిపితే చాలు. కర్ణుడంతటి విలుకాడికి అది కనపడలేదంటే నేను నమ్మను. సరిచేసుకుంటే మొదట తప్పు చూశానని ఒప్పుకున్నట్టు అవుతుంది, అది కూడా శల్యుడి ముందు, అది అతని వల్ల కాలేదు. ఆ తర్వాత ఆ బాణంలో ఉన్న పాము అశ్వసేనుడు తిరిగి వచ్చి నన్ను మళ్ళీ వెయ్యి, ఈసారి తప్పదు అని అడిగితే, ఇంకొకరి బలంతో గెలవను, వంద మంది అర్జునుల్ని చంపగలిగినా వేసిన బాణం మళ్ళీ వేయను అన్నాడు. రెండో అవకాశం కూడా అలా వెళ్ళిపోయింది. వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది నిజానికి, అంత గొప్పగా ఉంటుంది ఆ మాట. ఆ గొప్పదనమే అతన్ని చంపింది.

కాసేపటికి ఎడమ చక్రం భూమిలోకి దిగబడింది. పరశురాముడి అస్త్రం గుర్తు రావట్లేదు. కర్ణుడు కోపంతో కన్నీళ్ళు పెట్టుకుంటూ కిందికి దిగి, అర్జునా ఒక్క క్షణం ఆగు, చక్రం ఎత్తుకోనివ్వు, ధర్మం గుర్తు చేసుకో అన్నాడు. అప్పుడు కృష్ణుడు అడుగుతాడు. ద్రౌపదిని ఏకవస్త్రగా సభలోకి తెచ్చినప్పుడు నీ ధర్మం ఎక్కడికి పోయింది కర్ణా? జూదం తెలియని ధర్మరాజుని మోసం చేసినప్పుడు ఎక్కడికి పోయింది? అభిమన్యుడు చిన్నపిల్లాడు, అందరూ చుట్టుముట్టి చంపినప్పుడు ఎక్కడికి పోయింది?

కర్ణుడు ఏం చెప్పాడు? సిగ్గుతో తల వంచుకున్నాడు, ఏ జవాబూ చెప్పలేదు అని ఉంది మూలంలో. భీష్ముడికి, ద్రోణుడికి, కృపుడికి, శల్యుడికి, అందరికీ తిరిగి జవాబు చెప్పినవాడు, ఎప్పుడూ ఒక మాట తగ్గనివాడు, ఇక్కడ మాట్లాడలేదు. నాకు ఆ పేజీ దగ్గర రంగస్థలం గుర్తొచ్చింది. మొదటిసారి ఆ తల వంగింది అతని తప్పు లేనిదానికి, పుట్టుక గురించి. మళ్ళీ వంగకూడదని ఒక జీవితం మొత్తం ఖర్చు పెట్టాడు, కవచం ఇచ్చేశాడు, పది రోజులు కూర్చున్నాడు, ధర్మరాజుని వదిలాడు, గురి మార్చుకోలేదు. రెండోసారి వంగింది తను చేసినదానికి. ఆ తల ఎత్తి విల్లు అందుకుని ఇంకా కాసేపు పోరాడాడు, మళ్ళీ చక్రం దగ్గరికి వంగినప్పుడు అర్జునుడు వేసిన అంజలికం అనే బాణం తగిలింది.

యుద్ధం అయిపోయి, గంగ ఒడ్డున తర్పణాలు వదులుతుంటే కుంతి అప్పుడు నోరు విప్పింది, కర్ణుడికి కూడా వదలండి, అతను మీ అన్న అని. ధర్మరాజు కుప్పకూలిపోయాడు. తర్వాత నారదుడితో ఒక విషయం చెప్తాడు. ఆ రోజు జూద సభలో కర్ణుడు ద్రౌపది ముందు అనరాని మాటలు అంటుంటే నాకు పట్టరాని కోపం వచ్చింది, అంతలో నా చూపు అతని పాదాల మీద పడింది, ఆ కోపం ఎలా పోయిందో పోయింది, అవి అచ్చం మా అమ్మ పాదాల్లా ఉన్నాయి, ఎందుకు ఈ పోలిక అని ఎంత వెతికినా కారణం దొరకలేదు అంటాడు.